ఏమీ చెయ్యక్కర్లేదన్న నోటీసు

నేను దుబాయ్‌లో అకౌంటెంటుగా ఉన్న పదేళ్లలో మా ఆఫీసు ఒకే ఒక్క పనిని తప్పు లేకుండా, ఆలస్యం లేకుండా, పద్ధతి ప్రకారం పూర్తి చేసింది. ఆ పని అసలు చెయ్యకుండా ఉండాల్సింది. దానివల్ల ఒక మనిషి ఉద్యోగం పోయింది. గల్ఫ్ కంపెనీల్లో కుర్చీ దొరికితే చాలనుకుంటున్న పిల్లలు ఇది చదివితే, ఆ కుర్చీల వెనక ఏం జరుగుతుందో కాస్త ముందుగా తెలుస్తుందని రాస్తున్నాను. ఇందులో నీతి కోసం మాత్రం వెతక్కండి. నాకే దొరకలేదు.

మాది పెళ్లిబట్టల కంపెనీ. లెహంగాలు, షేర్వానీలు, వాటి మీదకి గిల్టు నగలు. దుబాయ్‌లో, షార్జాలో దుకాణాలుండేవి. అవి కాక అమెరికాలో మూడు దుకాణాలు, అక్కడి మనవాళ్ల కోసం. ఆ అమెరికా దుకాణాల లెక్కలు కూడా దుబాయ్ కరామాలో ఒక హోటలు మీది అంతస్తులో కూర్చుని మేమే రాసేవాళ్లం. అక్కడ ఒక అకౌంటెంటుకిచ్చే జీతంతో ఇక్కడ మా గదంతా గడిచిపోతుందని కంపెనీ యజమాని, అంటే మా సేఠ్, మా ఎదుటే అనేవాడు. మమ్మల్ని మెచ్చుకుంటున్నాననే అనుకునేవాడు పాపం.

మా జనరల్ మేనేజరుది గుంటూరు. ఆఫీసులో అందరూ ఆయన్ని అరబ్బు పద్ధతిలో ముదీర్ అనేవాళ్లు, ఆయనకీ ఆ పిలుపు ఇష్టం. వెనక గోడ మీద రెండు డిగ్రీలు అద్దాల్లో వేలాడుతుండేవి. ఆయన గొప్పతనమంతా ఒక్క అలవాటులో ఉంది: బల్ల మీదకి వచ్చిన ఏ కాగితానికైనా అదే రోజు జవాబు వెళ్లాలి. రిఫరెన్సు నంబరు, సంతకం, కంపెనీ స్టాంపు, కొరియరు. కాగితంలో ఏముందన్నది తర్వాతి సంగతి. ఆయనకి పెళ్లి శుభలేఖ ఇచ్చినా ఆఫీసు నుంచి రిఫరెన్సు నంబరుతో ఉత్తరం వెళ్లేది. సేఠ్ దీన్ని క్రమశిక్షణ అనుకునేవాడు. నేను దీన్ని భయం అనుకునేదాన్ని.

అమెరికా దుకాణాల లెక్కలు చూసే ఆయనది నిజామాబాదు జిల్లా. మొదట జెబెల్ అలీలో మా గోడౌనులో సరుకు లెక్కపెట్టే పనికి వచ్చి, దూరవిద్యలో బి.కాం. కట్టి, అకౌంట్సులోకి మారాడు. ఆయన్ని మహానుభావుడని చెప్పను. పొద్దున కూర్చున్నప్పటి నుంచి నోరు ఆగదు. నా డబ్బాలో ఆవకాయ నన్నడక్కుండానే తీసుకుంటాడు. క్రికెట్ ఉన్నరోజు ఆయన లెక్కలు ఇంకొకళ్లు సరిచూడాలి. కంపెనీ స్టాంపు ఆయన సొరుగులో ఉండేది, అదొక హోదా ఆయనకి. నేనుండే అల్ నహ్దా బిల్డింగులోనే రెండంతస్తుల కింద ఆయన కాపురం. భార్య, ఒక్క కూతురు.

ఇక నోటీసు సంగతి. దుకాణంలో మనం కార్డు గీసిన ప్రతిసారీ ఆ బిల్లులో కొంత ముక్క బ్యాంకులు కోసుకుంటాయి. ఆ ముక్క మరీ ఎక్కువగా కోస్తున్నారని అమెరికాలో కొందరు దుకాణదారులు అందరి తరఫునా కేసు వేశారు. ఏళ్ల తరబడి నడిచి రాజీకొచ్చింది. బ్యాంకులు, కార్డు కంపెనీలు పెద్ద మొత్తం ఇవ్వడానికి ఒప్పుకున్నాయి. ఆ ఏళ్లలో కార్డులు తీసుకున్న ప్రతి దుకాణానికీ అందులో వాటా ఉందని నోటీసులు పంపారు. మా మూడు దుకాణాల పేరునా అది వచ్చింది.

మధ్యాహ్నం భోజనం చేస్తూ దాన్ని మొత్తం చదివాను. అంత మర్యాదగా రాసిన కోర్టు కాగితం నేను మళ్లీ చూడలేదు. మీరు ఇప్పుడు ఏమీ చెయ్యక్కర్లేదు, ఊరుకుంటే మీరు అందులో ఉన్నట్టే. డబ్బు పంచే వేళకి ఫారం మేమే పంపిస్తాం, అది నింపడానికి ఎవరికీ రుసుము కట్టక్కర్లేదు. ఈ రాజీ మీకు వద్దనుకుంటే మాత్రం, ప్రతి దుకాణం పేరు, చిరునామా, పన్ను నంబరు వేసి, మమ్మల్ని తప్పించండని సంతకం చేసి ఫలానా గడువులోగా పంపండి. అప్పుడు మీకేమీ రాదు. ఇంతే విషయం. ఎనిమిదో క్లాసు పిల్లకి చదివి వినిపించినా అర్థమవుతుంది.

ముదీర్ నన్ను పిలిచి, మనం ఎవరిమీద కేసు వేశామని అడిగాడు. ఎవరిమీదా వెయ్యలేదని, వేసినవాళ్లు మనల్నీ కలుపుకున్నారని, మనకి లాభమేనని చెప్పాను.

"ఏం చెయ్యాలి మరి?"

"ఏమీ చెయ్యక్కర్లేదు సార్. ఊరుకుంటే చాలు."

ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. "కోర్టు కాగితం వస్తే ఊరుకోమంటారేంటి మేడం? మీరు ఎక్కడున్నారనుకుంటున్నారు?"

ఆ భయంలో కొంత న్యాయముందని ఒప్పుకోవాలి. ఆ రోజుల్లో అక్కడ చెక్కు వెనక్కొస్తే పోలీసులు. కేసులో పేరుంటే ఎయిర్‌పోర్టులో ఆపేస్తారు. ఆయన స్నేహితుడు ఒకడు చెల్లెలి పెళ్లికి బయల్దేరి ఇమిగ్రేషన్ దగ్గరనుంచే వెనక్కొచ్చాడు. అందుకని కోర్టు అన్న మాట కనిపిస్తే చాలు, అది ఏ దేశం కోర్టు, ఎవరికి ఇస్తోంది, ఎవరి దగ్గర తీసుకుంటోంది అన్నవేవీ ఆయన కళ్లకి ఆనేవి కావు. పైగా కేసు కార్డు కంపెనీల మీద. మా ఓవర్‌డ్రాఫ్టున్న దుబాయ్ బ్యాంకు ఇచ్చే కార్డుల మీదా అవే గుర్తులు. రేపు బ్యాంకువాడు మన మీద కోపంతో ఓవర్‌డ్రాఫ్టు ఆపేస్తే మీరిస్తారా అని నన్నడిగాడు. అమెరికాలో కేసుకి ఇక్కడి బ్యాంకు మేనేజరు అలుగుతాడా అని నేనడిగాను.  

ముదీర్ నిజామాబాదాయన్ని పిలిచి ఉత్తరం చెప్పి రాయించాడు. ఈ కేసుతో మాకు ఏ సంబంధమూ లేదు, మేము ఎవరిమీదా ఫిర్యాదు చెయ్యలేదు, దయచేసి మా పేరు తొలగించండి. వేరే ఎవరో అనుకుంటారేమోనని మూడు దుకాణాల పేర్లు, చిరునామాలు, పన్ను నంబర్లు కూడా వేయించాడు. సార్, తప్పుకునేవాళ్లని సరిగ్గా ఇవే పంపమన్నారు, ఇది పంపితే మన వాటా మనమే వదులుకున్నట్టు అని మళ్లీ చెప్పాను. మనం తప్పుకోవడం లేదు మేడం, మనం లేమని చెబుతున్నాం అంతే అన్నాడు. ఈ రెండింటికీ తేడా ఆయన డిగ్రీల్లో ఎక్కడో ఉండి ఉండాలి. నిజామాబాదాయన స్టాంపు గట్టిగా కొట్టి కవరు కొరియరుకిచ్చి, "ఖలాస్ మేడం, గా కోర్టుకు సలాం కొట్టినం" అన్నాడు. గడువుకి ఎంతో ముందే మా ఉత్తరం అమెరికా చేరింది.

కొన్ని నెలలు గడిచాయి. ఫ్రీజోన్‌లో ఏదో కంపెనీ పెట్టుకున్న ఒక కన్సల్టెంటు వచ్చాడు. ఆయన లిఫ్టు దిగకముందే ఆయన అత్తరు మా గదిలోకొచ్చింది. అమెరికాలో కార్డులు తీసుకున్న దుకాణాలకి పెద్ద మొత్తం రావాల్సి ఉందని, అది రాబట్టడం సామాన్యులవల్ల కాదని, వచ్చినదాంట్లో మూడో వంతు తనకిస్తే చాలని, ముందుగా రిజిస్ట్రేషనుకి కొంత కట్టాలని చెప్పాడు. మన దుకాణాలు అందులో ఉన్నాయా లేవా అని మాత్రం అడగలేదు. ఎవరికీ పైసా ఇవ్వక్కర్లేదని నోటీసులోనే రాసిన పనికి మూడో వంతు. సేఠ్ ముందు ముదీర్ దీన్ని తానే తవ్వితీసిన నిధిలా చెప్పుకున్నాడు.

సార్, మనం వద్దని రాసింది దీన్నే అన్నాను. "అది కోర్టు కేసు మేడం, ఇది రీఫండు" అన్నాడు. మొదటి నోటీసుని లీగల్ ఫైల్లో పెట్టి మూసేయించాడు. ఇది కొత్త వ్యాపారం ఫైల్లో ఉంది. రెండు ఫైళ్లు వేరైనప్పుడు విషయం ఒకటెలా అవుతుంది?

కన్సల్టెంటుకి డబ్బు కట్టి పంపించిన దరఖాస్తుకి చలికాలంలో అమెరికా నుంచి జవాబొచ్చింది. మీ కోరిక మీదే మిమ్మల్ని తప్పించామని రాసి, మా ఉత్తరం నకలు జతచేశారు. స్టాంపు చక్కగా పడింది. కన్సల్టెంటు ఫోను ఎత్తడం మానేశాడు. ఆ వారం సేఠ్ దుబాయ్‌లోనే ఉన్నాడు. మమ్మల్ని ముగ్గుర్నీ గదిలోకి పిలిచి, ఈ గల్తీ ఎవరిదని హిందీలో అడిగాడు.

ముదీర్ ముందే సిద్ధపడి వచ్చాడు. అమెరికా దుకాణాల ఉత్తరాలన్నీ ఆయనే తయారుచేస్తాడు, రోజూ ఎన్నో కాగితాలు సంతకానికి పెడతాడు, నమ్మి పెట్టాను అని పక్కాయన వైపు చెయ్యి చూపించాడు. పొద్దున లేస్తే నోరు మూయని నిజామాబాదాయన నా వైపు చూశాడు. చెప్పి రాయించింది ముదీరేనని, నేను రెండుసార్లు వద్దన్నానని సేఠ్‌కి చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. నేను చెప్పింది నమ్మాడని కూడా అనుకుంటున్నాను. తర్వాత నన్నొక్కదాన్నే ఉంచి, అంత నష్టానికి ఎవరో ఒకరిని పంపించకపోతే మిగతావాళ్లకి భయముండదని, ముదీర్‌ని తీసేస్తే బ్యాంకులో సంతకాలు మార్చాలని, లైసెన్సుకి పూచీపడ్డ అక్కడి అరబ్బు కఫీల్ దగ్గరకి పోయి అందులో పేరు మార్చాలని, అదంతా చాలా తలనొప్పని, ఆ రెండో ఆయనకైతే ఏదీ మార్చక్కర్లేదని శాంతంగా వివరించాడు. తప్పు ఎవరిదన్నది ఆయన అసలు ప్రశ్న కాదు. ఎవరిదైతే చవకగా తేలుతుందన్నదే ప్రశ్న. అంత చదువుకున్నదాన్ని, అన్నేళ్లు లెక్కలు రాసినదాన్ని, ఆ లెక్క నాకు ముందు తట్టలేదు.

వీసా క్యాన్సిల్ చెయ్యమని ఆ సాయంత్రమే ఉత్తర్వు వచ్చింది. టీ గదిలో నిజామాబాదాయన కప్పు కడుగుతూ నిలబడ్డాడు. కడిగిందే కడుగుతున్నాడు.

"నౌకరీ పోతే పోనీ మేడం. ఊర్లె ఏదన్న జేస్కుంట. మార్చిల బిడ్డ పన్నెండో తరగతి పరీక్షలున్నయ్. ఇప్పుడు వీసా కొట్టేస్తే పిల్ల ఏడ రాస్తది? గంతవరకు ఆపేది ఉంటే చూడుండ్రి."

అక్కడ భార్యాబిడ్డల వీసాలు ఉద్యోగం చేసేవాడి వీసాకి వేలాడుతుంటాయి. ఆయనది రద్దు చెయ్యాలంటే ముందు వాళ్లవి రద్దు చెయ్యాలి. బోర్డు పరీక్షకి పేరు నమోదయ్యాక సెంటరు ఇండియాకి మార్చరు. పిల్లకి ఒక సంవత్సరం పోతుంది. ఆ పిల్ల మా బిల్డింగు మెట్ల మీద కూర్చుని కెమిస్ట్రీ బట్టీపట్టేది, ఇంట్లో వాళ్ల నాన్న మాట్లాడుతూ ఉంటాడని. నాకు ఒళ్లు మండింది. నా చేతిలో ఏముందని ఆలోచిస్తూ ఆ రాత్రంతా పడుకోలేదు.

ఉన్నది ఒక్కటే. మనిషిని పంపించేటప్పుడు రావాల్సినవన్నీ ముట్టాయని అతను సంతకం పెడితేగాని, సర్కారు ఫారాలు నింపే టైపింగ్ సెంటర్లో క్యాన్సిలేషన్ కాగితం కదలదు. ఏమేం రావాలో లెక్కగట్టాల్సింది నేను. నా లెక్క తేలకపోతే చెల్లింపు లేదు. చెల్లింపు లేకపోతే సంతకం లేదు. అంటే నోటీసు చెప్పినట్టు నేనూ ఊరుకుంటే చాలు. కానీ ఆఫీసులో ఊరికే ఊరుకుంటే పట్టుబడతాం. పని జరుగుతున్నట్టు కనపడాలి.

అందుకని ముదీర్‌కి ఉత్తరాలు రాయడం మొదలుపెట్టాను. జెబెల్ అలీ గోడౌనులో ఈయన పనిచేసిన ఏళ్లు వేరే లైసెన్సు కింద ఉన్నాయి, వాటిని గ్రాట్యుటీలో కలపాలా? కలిపితే ఏ జీతం మీద? వాడుకోని సెలవుల్లో గోడౌను నాటివి వస్తాయా? విమానం టిక్కెట్టు హైదరాబాదు వరకా, ఇంటివరకా? ప్రతిదానికీ రిఫరెన్సు నంబరు వేశాను. కాగితం వస్తే జవాబివ్వకుండా ఆయన ఉండలేడు కదా. అదే రోజు జవాబొచ్చేది, సంతకంతో, స్టాంపుతో. ఆ జవాబులో ఏదో ఒకటి తికమకగా ఉండేది. దాని మీద నేను ఇంకో ఉత్తరం రాసేదాన్ని. మా ఇద్దరి గదుల మధ్య గోడ ఒక్కటే అడ్డం. జనవరి అంతా ఆఫీసుబాయ్ మా ఉత్తరాలు మోశాడు. నిజామాబాదాయన రోజూ వచ్చి తన కుర్చీలో కూర్చుని, తన మీద జరుగుతున్న ఉత్తరప్రత్యుత్తరాలకి తానే స్టాంపు వేసేవాడు.

ఆయన భార్య ఒకరోజు సకినాల డబ్బా పట్టుకుని మా ఫ్లాటుకి వచ్చింది. లోపలికి రమ్మన్నా రాలేదు. "మీరేం జేస్తున్నరో నాకు ఎర్కలేదక్కా. జెర నిమ్మళంగ జెయ్యుండ్రి" అని వెళ్లిపోయింది. అంత స్పష్టమైన ఆదేశం నాకు ఉద్యోగ జీవితంలో ఇంకెవరూ ఇవ్వలేదు.

ఫిబ్రవరిలో ముదీర్‌కి అనుమానం వచ్చింది. తలుపు దగ్గర నిలబడి, కావాలనే లాగుతున్నారా మేడం అని అడిగాడు.

"లెక్క తప్పితే ఆయన లేబర్ కోర్టుకి వెళ్తే ఎలా సార్?" అన్నాను.

ఆ మాట వినగానే మనిషి మొహం మాడిపోయింది. ప్రతి అంకె రెండుసార్లు సరిచూడమని నాకు రాతపూర్వకంగా ఆదేశం ఇచ్చాడు. అంతకంటే నాకు కావలసిందేముంది? ఆయన ఆదేశాన్ని అక్షరాలా పాటించాను. రెండుసార్లు చూశాను, మూడోసారి కూడా చూశాను. పదేళ్లలో ఆయన మాట నేను మనస్ఫూర్తిగా విన్నది అప్పుడే.

పిల్ల చివరి పరీక్ష రాసిన వారంలోనే లెక్కలన్నీ తేలిపోయాయి. గోడౌను ఏళ్లు కూడా కలిశాయి. నిజామాబాదాయన చూసుకుని సంతకం పెట్టాడు. ఎయిర్‌పోర్టుకి ఆఫీసు నుంచి మేం నలుగురం వెళ్లాం. ముదీర్ రాలేదు, ఆల్ ది బెస్ట్ అని మాత్రం ఒక ఉత్తరం పంపాడు. దానికీ రిఫరెన్సు నంబరుంది.

కొన్నేళ్లకి అమెరికాలో పై కోర్టు ఆ రాజీ చెల్లదంది. మొత్తం కొట్టేసి మళ్లీ మొదలుపెట్టమంది. ఉన్నవాళ్లు, తప్పుకున్నవాళ్లు అందరూ మళ్లీ ఒకే వరసలో నిలబడ్డారు. మేమంత చక్కగా పంపిన ఉత్తరం చిత్తుకాగితమైంది. ఇంకొన్నేళ్లకి రెండో రాజీ కుదిరి, 2019లో నేను రిటైరయ్యే ముందు కొత్త నోటీసు వచ్చింది. మా మూడు దుకాణాలూ అందులో ఉన్నాయి. ఇందులోనూ ఏమీ చెయ్యక్కర్లేదనే ఉంది. ముదీర్ ఈసారి జవాబు రాయలేదు. నేర్చుకున్నాడనుకునేరు. కొత్త కన్సల్టెంటుని పిలిపించి, మూడో వంతుకి సంతకం పెట్టాడు.

ఆ సాయంత్రం నిజామాబాదుకి ఫోన్ చేశాను. ఆయన అక్కడ దుకాణాలవాళ్లకి జీఎస్టీ లెక్కలు వేస్తున్నాడు. కూతురు ఫార్మసీ చదివి హైదరాబాదులో ఉద్యోగంలో చేరింది. ఆయన ఇల్లదిరేలా నవ్వుతాడనుకుని, పాత రాజీని కొట్టేశారని, ఆ ఉత్తరంవల్ల కంపెనీకి పైసా నష్టం కాలేదని, అసలు ఆ డబ్బు ఇంతవరకూ ఏ దుకాణానికీ చేరలేదని చెప్పాను. 

"నష్టమే కాలేదంటే, మరి నన్నెందుకు పంపిండ్రు మేడం?" అన్నాడు.

కనుక్కుని చెబుతానన్నాను. నా ఆఖరి రోజున ముదీర్ గదిలోకి వెళ్లి, నిజామాబాదాయన అడిగింది ఉన్నదున్నట్టు అడిగాను. ముదీర్ నొచ్చుకోలేదు, తడుముకోలేదు. కంప్యూటరు మీంచి చూపు తిప్పకుండానే జవాబిచ్చాడు.

"ఫైలు మూసెయ్యాలంటే అందులో ఎవరో ఒకళ్ల పేరుండాలి కదా మేడం."

ఆ జవాబు నేను నిజామాబాదుకి ఇప్పటికీ చెప్పలేదు.